ఊరి ద్వారం దగ్గర పంచాయితీ: రూతు నాలుగో అధ్యాయాన్ని వ్యాఖ్యానాలతో బోధించిన తీరు

బైబిలు పాత నిబంధనలోని రూతు గ్రంథంలో ఉన్నవి నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. తీరిగ్గా కూర్చుంటే ఒక్క పూటలో అయిపోతుంది. కరవుకు మోయాబు దేశం వెళ్లిన ఎలీమెలెకు, అతని కొడుకులు అక్కడే చనిపోతారు; అతని భార్య నయోమి మోయాబు కోడలు రూతుతో బేత్లెహేము తిరిగొస్తుంది; రూతు బంధువైన బోయజు చేలో పరిగె ఏరుకుని, చివరికి అతన్ని పెళ్లాడుతుంది. మన పల్లె సంఘాల్లో ఈ కథ తెలియనివాళ్లు ఉండరు. అత్తాకోడళ్ల గురించి ప్రసంగించాలంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఇదే. హీబ్రూ లేఖనాలకు పండితులు రాసిన వ్యాఖ్యానాలను ఎలా వాడాలో నేర్పడానికి నేను దీన్ని ఎంచుకున్నది అందుకే. తెలియని గ్రంథమైతే వ్యాఖ్యాత ఏం చెప్పినా విద్యార్థి తలూపుతాడు. తెలిసిన కథ దగ్గర మాత్రం “ఆగండి, ఇక్కడ అలా లేదే” అని అడ్డుపడతాడు. నాకు కావలసింది ఆ అడ్డుపడడమే.

తరగతి, దాని అవసరం

కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్టణంలో శనివారాలు నడిచిన తరగతి ఇది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పల్లె పాస్టర్లు. ఆదివారం ప్రసంగం చేస్తారు, మిగతా రోజుల్లో కౌలు సేద్యమో కుట్టుపనో చూసుకుంటారు. వాళ్లతోపాటు ఆదివారపు బడి నడిపే మహిళలు కొందరు, ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు టీచరమ్మ, ఇంజనీరింగ్ చదివి సేవలోకి వచ్చిన ఒక కుర్రవాడు. హీబ్రూ అక్షరాలు అందరూ గుర్తుపడతారు, వ్యాకరణం ఎవరికీ రాదు. ఇంగ్లీషు కొందరు ధారాళంగా, కొందరు కూడబలుక్కుని చదువుతారు.

వ్యాఖ్యానాలు వీళ్లకు కొత్తేమీ కాదు. అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఉచిత యాప్‌లలో దొరికేవి 18వ శతాబ్దం తొలినాళ్లలో మాథ్యూ హెన్రీ రాసినవి, 19వ శతాబ్దంలో జర్మన్ పండితులు కైల్, డెలిచ్ రాసినవి. కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టే అవి ఉచితం. పాతవన్న కారణంతో పక్కన పెట్టమని నేను చెప్పను. అయితే 1947 నుంచి మృతసముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో బయటపడ్డ రాతప్రతులను వాళ్లు చూడలేదు. రూతు గ్రంథానివే నాలుగు ప్రతుల ముక్కలు అక్కడ దొరికాయి. ఈ సంగతి తెలిసి వాడుకుంటే నష్టం లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మొదటి వారం ఒక పాస్టరు నోటు పుస్తకంలో ఈ వాక్యం కనిపించింది: “ఎలీమెలెకు ధనవంతుడు, పిసినారి, బీదలకు పెట్టాల్సి వస్తుందని మోయాబుకు పారిపోయాడు, అందుకే దేవుడు శిక్షించాడు.” ఇది ఎక్కడుందని అడిగితే “మొదటి అధ్యాయంలోనే కదండీ” అన్నారు. అందరం ఆ అధ్యాయం తెరిచాం. కరవు వచ్చింది, కుటుంబం వెళ్లింది, ఎలీమెలెకు చనిపోయాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. ధనం, పిసినారితనం, శిక్ష అనే మూడూ 11వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ట్రాయ్ పట్టణంలో ఉన్న యూదు వ్యాఖ్యాత రషీ మాటలు. ఆయనకు అవి అంతకుముందటి మిద్రాషుల (లేఖనంపై యూదు గురువుల పాత వ్యాఖ్యల) నుంచి వచ్చాయి. ఎన్ని ప్రసంగాలు దాటి ఈ నోటు పుస్తకానికి చేరాయో గానీ, చేరేసరికి రషీ పేరు రాలిపోయింది, వ్యాఖ్య మూలంగా మారిపోయింది. ఏది లేఖనం, ఏది వ్యాఖ్య అన్న గీత చెరిగిపోవడమే ఈ తరగతి సరిచేయాల్సిన జబ్బు అని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

పెట్టుకున్న నియమం

నియమం మాత్రం నేను పెట్టలేదు, టీచరమ్మ పెట్టారు. వ్యాఖ్యానం ఎలా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడు ఆమె కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన మెదక్ సీమ పండితుడు మల్లినాథ సూరి ప్రతిజ్ఞను గడగడా చదివారు: “నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే.” మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను. కుర్రవాడు వెంటనే దాన్ని బోర్డు మీద రాసేశాడు. కోర్సు అయిపోయేదాకా ఎవరూ తుడపలేదు.

దాన్ని పనిలోకి ఇలా దించాం. ముందు వ్యాఖ్యానమేదీ తెరవకుండా లేఖన భాగాన్ని బయటికి రెండుసార్లు చదవాలి. అర్థం కానివి, అతకనివి ప్రశ్నలుగా రాసుకోవాలి. ఆ ప్రశ్నలు చేతిలో పట్టుకునే వ్యాఖ్యాత దగ్గరికి వెళ్లాలి. ఆయన చెప్పిన ప్రతి మాట పక్కన, అది మూలంలో ఉందా, మరో గ్రంథం నుంచి తెచ్చాడా, తవ్వకాల నుంచో పాత శాసనాల నుంచో తెచ్చాడా, లేక ఊహించాడా అన్నది గుర్తు పెట్టాలి. ఊహ తప్పేమీ కాదు. ఊహ అని తెలియకుండా ఊహను మోయడమే తప్పు.

పుస్తకాల సంగతి. యూదు సంప్రదాయం కోసం, వ్యాఖ్యలతో కూడిన హీబ్రూ లేఖన ముద్రణ ‘మిక్రావోత్ గెదోలోత్’ పుట ఒకటి పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గోడకు అంటించాను. వెనిస్‌లో డేనియల్ బాంబెర్గ్ ముద్రణశాల 1524-25లో స్థిరపరిచిన తీరు అది: మధ్యలో హీబ్రూ మూలం, పక్కన తర్గూము అనే అరమాయిక్ అనువాదం, చుట్టూ రషీ, ఇబ్న్ ఎజ్రా వంటివాళ్ల వ్యాఖ్యలు. ఏది మూలమో ఏది వ్యాఖ్యో అక్షరం సైజే చెబుతుంది. అక్షరాలు మాత్రమే తెలిసిన వాళ్లకు కూడా ఆ పుట ఒక పాఠం చెప్పింది: వ్యాఖ్యాతలు ఒకరితో ఒకరు ఒకే కాగితం మీద విభేదించవచ్చు, గ్రంథానికి ఏమీ కాదు. చదువుకోవడానికి సెఫారియా అనే ఉచిత అంతర్జాల భాండారం వాడాం. రషీ వ్యాఖ్య అందులో ఇంగ్లీషు అనువాదంతో దొరుకుతుంది.

ఆధునికుల్లో ఎడ్వర్డ్ క్యాంప్‌బెల్ (1975), జాక్ సాసన్ (1979), రాబర్ట్ హబ్బర్డ్ (1988), యూదు ప్రచురణ సంస్థ జేపీఎస్ కోసం తమారా ఎస్కెనాజి, తిక్వా ఫ్రైమర్-కెన్స్కీ కలిసి రాసిన సంపుటం (2011) తీసుకున్నాను. ఈ నలుగురైదుగురినీ ఎంచింది వాళ్లు ఒకరితో ఒకరు పడరు కాబట్టి. గ్రంథం రాసిన కాలమే తీసుకోండి. క్యాంప్‌బెల్ రాజుల కాలం వైపు మొగ్గుతారు. మరికొందరు బబులోను చెర తర్వాత, యూదు నాయకులు ఎజ్రా, నెహెమ్యా పరదేశి భార్యలను వ్యతిరేకించిన పారసీక కాలానికి దించుతారు. ఒకే మాట చెప్పే నాలుగు వ్యాఖ్యానాలు కొనడం డబ్బు దండగ, అందులోనూ ఒక్కొక్కటీ వేల రూపాయలు పలికే పుస్తకాలు.

పొలం ఎవరిది?

మొదటి మూడు అధ్యాయాలు సాఫీగా సాగాయి. రెండో అధ్యాయంలో పరిగె ఏరుకోవడం దగ్గర తరగతిలోని మహిళలు నా కంటే, పుస్తకాల కంటే ముందున్నారు. సాయంత్రం దులిపితే రూతుకు ఏఫా యవలు వచ్చాయని ఉంది; ఏఫా అంటే సుమారు 22 లీటర్లని వ్యాఖ్యాతలు ఎక్కువమంది అంచనా. చిన్నప్పుడు వరి కోతల తర్వాత పరిగె ఏరిన ఒకామె “ఒక్క రోజులో అంతా? ఎవరో కావాలని పనలు జారవిడిచి ఉండాలి” అన్నారు. రెండు వచనాల వెనక్కి వెళ్తే బోయజు పనివాళ్లకు సరిగ్గా అదే చెప్పి ఉన్నాడు. వ్యాఖ్యానం అక్కర్లేని చోటు అది, కాబట్టి తెరవలేదు.

మూడో అధ్యాయంలో రాత్రివేళ కళ్లం దృశ్యం గురించి ఆధునికులు పేజీల కొద్దీ రాశారు. ఆడా మగా కలిసి కూర్చున్న తరగతిలో నేను రెండే సంగతులు చెప్పాను: మూలం కావాలనే మసకగా వదిలింది, తర్గూము ఆ మసకను భరించలేక బోయజును, స్త్రీ విషయంలో నిగ్రహం చూపినవాళ్లుగా సంప్రదాయం చెప్పే యోసేపుతో, పల్తీయేలుతో పోల్చి నిగ్రహవంతుడని తేల్చేసింది. ముందుకు వెళ్లాం.

నాలుగో అధ్యాయం దగ్గర బండి ఆగింది. ఊరి ద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి బోయజు దగ్గరి బంధువుతో అంటాడు: ఎలీమెలెకు పొలాన్ని నయోమి అమ్ముతున్నది. ఆ వచనం చదవగానే కౌలు చేసే పాస్టరు ఒకాయన చెయ్యెత్తారు. “మాస్టారూ, పొలమే ఉంటే కోడలు పరాయివాళ్ల చేలో పరిగె ఎందుకు ఏరుకుంది? ఇంతకీ పట్టా ఎవరి పేరున ఉంది?”

ఇంత మంచి ప్రశ్న ఏ పాఠ్యపుస్తకం చివరా ఉండదు. రెండు ముక్కలుగా విడగొట్టాం. మొదటిది, విధవరాలికి అమ్మే హక్కు ఉందా? సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెల తగవు తర్వాత వచ్చే వారసత్వ క్రమాన్ని చదివాం: కొడుకు, కూతురు, అన్నదమ్ములు, తండ్రి అన్నదమ్ములు, ఆపై దగ్గరి బంధువు. భార్య పేరే లేదు. రెండోది, పొలం అప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇక్కడే వ్యాఖ్యాతలను పిలిచాం.

ఒక వాదన: కుటుంబం పదేళ్లు మోయాబులో ఉంది కాబట్టి పొలం పరుల చేతిలో పడింది, నయోమి అమ్ముతున్నది భూమిని కాదు, విడిపించుకునే (చేజారిన పొలాన్ని డబ్బిచ్చి తిరిగి కుటుంబానికి తెచ్చుకునే) హక్కును. దీనికి ఆధారంగా చూపేది రాజుల రెండో గ్రంథం 8వ అధ్యాయం. షూనేమీయురాలు కరవుకు భయపడి ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో తలదాచుకుని, తిరిగొచ్చి తన ఇంటికీ పొలానికీ రాజు దగ్గర మొర పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో వాదన: పొలం ఖాళీగానే ఉంది, కానీ వాళ్లు వచ్చింది యవల కోతకు, విత్తని చేలో కోసేదేముంది? మరొకటి: స్త్రీకి దక్కేది అనుభవ హక్కు మాత్రమే, దాన్నే ఆమె బంధువుకు వదులుతోంది. లేవీయకాండము 25:25 ప్రకారం బంధువు కొనడమూ, యిర్మీయా 32లో ప్రవక్త తన పినతండ్రి కొడుకు పొలాన్ని అనాతోతులో కొనడమూ ఈ చర్చలో అందరూ ప్రస్తావించేవే.

బోర్డు మీద మూడు వాదనల పక్కనా గుర్తులు పెట్టించాను. షూనేమీయురాలి కథ లేఖనాల్లోనే మరో గ్రంథం నుంచి వచ్చింది, బలమైనది. విత్తని పొలం అన్నది ఇంగితం, కానీ మూలంలో ఆ మాట లేదు. అనుభవ హక్కు అన్నది చట్ట చరిత్ర నుంచి కట్టిన ఊహ. ఆ పాస్టరు మొదటి దానికే ఓటేశారు, తన ఊళ్లో వలస వెళ్లొచ్చినవాళ్ల పొలాల గతి చూశానంటూ. అక్కడ ఒక హద్దు గీయాల్సి వచ్చింది. మన అనుభవం ప్రశ్న అడగడానికి అధికారమిస్తుంది గానీ బేత్లెహేములో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం కాదు. ఆయన సులువుగా ఒప్పుకోలేదు. చర్చ టీ విరామంలోనూ సాగింది.

బంధువు ఎందుకు వెనక్కి తగ్గాడు?

“విడిపిస్తాను” అన్న మనిషి రూతు పేరు రాగానే “నా వల్ల కాదు, నా స్వాస్థ్యం (వారసత్వ ఆస్తి) చెడిపోతుంది” అంటాడు. కథంతా తిరిగేది ఈ మలుపు మీద. కారణం 4:5లో ఉంది, ఆ వచనంలోనే ఒక చిక్కుముడి కూడా ఉంది. మసోరా రాతప్రతిలో, అంటే యూదు లేఖకులు కాపాడిన హీబ్రూ ప్రతిలో, పంక్తిలో రాసి ఉన్నది ఒకటి, అంచున “ఇలా చదవండి” అని సూచించినది మరొకటి. అంచు పాఠం ప్రకారం బోయజు అంటున్నది: నువ్వు పొలం కొన్న రోజే రూతునూ నువ్వు స్వీకరించాలి. పంక్తి పాఠం ప్రకారం: నువ్వు పొలం కొన్న రోజే రూతును నేను స్వీకరిస్తున్నాను. తేడా క్రియాపదం చివర ఒక్క అక్షరం.

ఈ భాగాన్ని నాటకంలా ఆడించాను. ఒకరు బోయజు, ఒకరు బంధువు, పదిమంది పెద్దలు బల్ల మీద. మొదట అంచు పాఠంతో ఆడారు. బంధువు లెక్క వేసుకున్నాడు: డబ్బు పెట్టి పొలం కొనాలి, రూతును పోషించాలి, పుట్టే కొడుకు చనిపోయినవాడి పేరు నిలబెట్టి పొలం తీసుకుంటాడు. తన పిల్లలకు మిగిలేది సున్న. తర్వాత పంక్తి పాఠంతో ఆడారు. ఇప్పుడు బోయజు బంధువు మీద భారమేమీ మోపడం లేదు, తన ఉద్దేశం చెబుతున్నాడంతే. అయినా బంధువుకు నష్టమే: బోయజుకూ రూతుకూ పుట్టే బిడ్డ రేపు వారసుడిగా వచ్చి ఆ పొలం అడుగుతాడు. రెండుసార్లూ బంధువు తప్పుకున్నాడు. కానీ మొదటిసారి బోయజు చట్టాన్ని గుర్తుచేసే మనిషి, రెండోసారి చట్టం అడగని బాధ్యతను పదిమంది ముందు తలకెత్తుకునే మనిషి.

ఇప్పుడు ఎవరు ఏ పక్షమో చూశాం. సాసన్ పంక్తి పాఠం వైపు. క్యాంప్‌బెల్, హబ్బర్డ్ అంచు పాఠం వైపు. పాత అనువాదాలైన గ్రీకు సెప్టువజింటు, లాటిన్ వల్గేటు కూడా “నువ్వు” అనే చదివాయి. మన తెలుగు బైబిలూ అంతే. మరి సాసన్ బలమేమిటి? పొలం విడిపించే బంధువు విధవను పెళ్లాడి తీరాలన్న నియమం తోరాలో (ధర్మశాస్త్రంలో) ఎక్కడా లేదు. ద్వితీయోపదేశకాండము 25లోని మరిది ధర్మం (కొడుకు లేకుండా చనిపోయినవాడి భార్యను అతని సోదరుడు పెళ్లాడాలి; కాదంటే ఆమె అతని చెప్పు విప్పి ముఖాన ఉమ్ముతుంది) కలిసి నివసించే అన్నదమ్ములకు మాత్రమే చెప్పింది, వీళ్లెవరూ అన్నదమ్ములు కారు. ఇంజనీరు కుర్రవాడు అప్పటిదాకా ప్రతులను లెక్కపెట్టి గెలుపెవరిదో తేల్చవచ్చనుకున్నాడు. ఇక్కడ ప్రతుల సాక్ష్యం ఒకవైపు, చట్టం సాక్ష్యం మరోవైపు నిలబడడంతో అతని లెక్క కుదరలేదు.

రషీకి ఈ ఇబ్బందే లేదు. 3:9 దగ్గరే ఆయన పరిష్కారం చూపేశాడు: మా అత్తా నేనూ పొలం అమ్ముకోవలసిన స్థితిలో ఉన్నాం, కొనేటప్పుడు నన్నూ స్వీకరించు, నేను చేలోకి వచ్చినప్పుడు జనం ‘ఈమె మహ్లోను భార్య’ అంటారు, అలా చనిపోయినవాడి పేరు నిలుస్తుంది అని రూతు అడిగినట్టు రాశాడు. నియమం అక్కర్లేదు, అమ్మేవాళ్ల షరతు చాలు. మూలంలో రూతు నోట ఈ మాటలు లేవని తరగతి ఈసారి నాకంటే ముందు చెప్పింది. అయినా అందరికీ నచ్చింది ఇదే. నాకూ నచ్చింది. బంధువు వెనకడుగుకు రషీ చెప్పే కారణం మాత్రం వేరు: మోయాబీయులు సమాజంలో చేరకూడదన్న ద్వితీయోపదేశకాండము 23 చూసి తన సంతానానికి మచ్చ వస్తుందని జంకాడు, ఆ నిషేధం మోయాబు పురుషులకే గానీ స్త్రీలకు కాదని అతనికి తెలియలేదు అంటాడు. యూదు ధర్మ చర్చల సంపుటి తాల్ముదు తీర్పు అది.

చివరగా చెప్పు సంగతి. రూతు 4:8లో చెప్పు విప్పే చోట రూతు ప్రస్తావనే లేదు, ఎవరూ ఎవరినీ అవమానించరు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఇదే కథ తిరిగి చెబుతూ, రూతు అతని చెప్పు విప్పి ముఖాన ఉమ్మిందని రాశాడు. ద్వితీయోపదేశకాండము 25ను తెచ్చి ఇక్కడ అతికించాడన్నమాట. దాన్ని ముందు చదివించి, తర్వాత మూలం తెరిపించాను. అతుకు ఎక్కడ పడిందో టైలరింగ్ చేసే పాస్టరు ముందు పట్టుకున్నారు. ఇంకో చమత్కారం 4:7లో ఉంది: “పూర్వం ఇశ్రాయేలులో ఆచారం ఇది” అంటూ కథకుడే ఆగి చెప్పు మర్మం వివరిస్తాడు. అంటే ఈ గ్రంథానికి మొట్టమొదటి వ్యాఖ్య గ్రంథంలోపలే ఉంది.

ఎదురైన అభ్యంతరాలు

అందరూ సంతోషించారని చెప్పలేను. పెద్దవయసు పాస్టరు ఒకాయన నిర్మొహమాటంగా అన్నారు: “వీరు ఇలా అన్నారు, వారు అలా అన్నారు అని పల్లెలో చెబితే, మా అయ్యగారికే తెలియదు అనుకుంటారు.” మాటలో నిజముంది. ప్రసంగ వేదిక తరగతి గది కాదు. నేను అడిగింది ఒక్కటే: ప్రసంగంలో ఒక పక్షమే చెప్పండి, కానీ అది మీరు ఎంచుకున్న పక్షమని మీకు తెలిసి ఉండాలి, ఎవరైనా అడిగితే రెండోది చెప్పగలగాలి. ఆయన కోర్సు పూర్తిచేశారు గానీ ఈ విషయంలో ఒప్పుకున్నారని అనుకోను.

మరో తరహా ఇబ్బంది కుర్రవాళ్లతో వచ్చింది. పేర్లు నోటికి వచ్చాక వాటిని వల్లించడమే పాండిత్యమనుకున్నారు. ఒకరి ప్రసంగ నమూనాలో లేఖనం కంటే సాసన్ ఎక్కువ కనిపించాడు. టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని బోర్డు మీది వాక్యంలో రెండో సగాన్ని వేలితో చూపించారు. నేను దిద్దాల్సిన పని పడలేదు.

బోయజును క్రీస్తుకు ఛాయగా (ముందస్తు గుర్తుగా) చెప్పే అలవాటు గురించీ వాదన జరిగింది. క్రైస్తవ సంఘం అలా చదువుకోవడం నేను కాదనను. కానీ ఈ గ్రంథం యూదులకూ సొంత లేఖనమే, వారాల పండుగ షావువోత్ నాడు చదువుతారు. రషీని తెచ్చుకుని, ఆయన చెప్పనిది ఆయన చేత చెప్పించడం అప్పు తెచ్చిన ఇంటి మీదే దావా వేయడం లాంటిది. ఛాయ అన్న మాటను వ్యాఖ్యానం గడిలో రాయనివ్వలేదు, ప్రసంగ అన్వయం గడిలో రాయించాను.

ఏం మారింది

చివరి అభ్యాసం 4:1-12 మీద చిన్న బోధ. కనీసం ఇద్దరు విభేదించే వ్యాఖ్యాతలను వాడాలి, ఒక్కొక్కరి ఆధారం ఎక్కడుందో పక్కన రాయాలి. మొదటి వారం నోటు పుస్తకాలతో పోలిస్తే తేడా స్పష్టంగా ఉంది. ఎలీమెలెకు పిసినారితనం గురించి రాసిన పాస్టరు ఈసారి దాన్ని వదల్లేదు, “రషీ అభిప్రాయం, మూలంలో లేదు” అని పక్కన రాసి ఉంచారు. నాకు అంతే కావాలి. ఆ వ్యాఖ్యలో నీతి ఉంది, ఎక్కడిదో చెప్పి వాడుకుంటే తప్పేముంది. మారనిదీ ఉంది: ఇంగ్లీషు కష్టంగా చదివేవాళ్లు హబ్బర్డ్ వంటి పెద్ద సంపుటాలను నేరుగా వాడలేకపోయారు, నేను తీసిచ్చిన తెలుగు సారాంశాల మీదే ఆధారపడ్డారు. సారాంశం అంటే నా ఎంపిక. వాళ్ల చేతిలో ఉన్నది వ్యాఖ్యాత మీద నా వ్యాఖ్య. దీనికి విరుగుడు తెలుగులో ఇలాంటి పండిత వ్యాఖ్యానాలు రావడమే, ఒక కోర్సుతో అయ్యే పని కాదు.

ఈ పని చేయాలనుకునే తోటి ఉపాధ్యాయులకు ఖర్చు గురించి ఒక మాట. సెఫారియా ఉచితం. ఆధునిక వ్యాఖ్యానాలు రెండు చాలు, అవి రెండూ కనీసం ఒక ముఖ్యమైన చోట కొట్టుకోవాలి. హీబ్రూ బాగా వచ్చిన ఉపాధ్యాయుడికి 2004లో వచ్చిన, రూతు గ్రంథం ఉన్న హీబ్రూ బైబిలు పండిత ముద్రణ బిబ్లియా హెబ్రాయికా క్వింటా మెగిల్లోత్ సంపుటం పాఠభేదాల కోసం ఉపయోగపడుతుంది. విద్యార్థుల చేతికి ఇవ్వనక్కర్లేదు.

కౌలు పాస్టరు తన సంఘంలో ఈ అధ్యాయం బోధించినప్పుడు నేను వెనక కూర్చుని విన్నాను. పొలం గురించి షూనేమీయురాలి ఆధారంతోనే చెప్పారు, “ఇంకో రకంగా చెప్పేవాళ్లూ ఉన్నారు” అని ఒక్క వాక్యం కలిపి. ముగిశాక ఒక ముసలామె లేచి “ఆ పొలం ఎన్ని ఎకరాలు అయ్యగారూ?” అని అడిగింది. “రాయలేదమ్మా” అన్నారు. ఆమె నమ్మినట్టు లేదు, అంత పంచాయితీ జరిగి విస్తీర్ణం రాయకపోవడమేమిటని పక్కామెతో అనడం వినిపించింది. మరుసటి శనివారం ఆయన రాజుల రెండో గ్రంథానికి మంచి వ్యాఖ్యానం ఏదైనా ఉందా అని అడిగారు. కోగన్, టాడ్మోర్ కలిసి రాసిన సంపుటం ఉందని చెప్పి, ఎనిమిదో అధ్యాయం పేజీలు గుర్తుపెట్టి ఇచ్చాను.